ఛీ మిషను

కుళ్ళిన రొయ్యని ముక్కు కనిపెట్టేలోపే మూతి కనిపెట్టేస్తుంది. ఈ ఒక్క ముక్క తెలుసుకోవడానికి సుభాషిణికి పందొమ్మిదేళ్ళు పట్టింది.

కాకినాడ శివార్లలో రొయ్యల్ని శుభ్రం చేసి పై దేశాలకు పంపే ఒక కంపెనీలో ఆవిడ రుచి పరీక్షల విభాగానికి పెద్ద. ఉడికించిన రొయ్యల్ని పళ్ళేల్లో పెట్టి పన్నెండు మంది చేత రుచి చూపించడం, వాళ్ళు బాగుందంటే సరుకు ఓడెక్కించడం, బాగోలేదంటే పారబోయించడం ఆవిడ పని. చిక్కేమిటంటే నాలుగో పళ్ళెం దగ్గరికి వచ్చేసరికి ఎవరికైనా ముక్కు మొద్దుబారుతుంది, అన్నిటికీ తల ఊపేస్తారు. అందుకని సుభాషిణి వాళ్ళ నోళ్ళని నమ్మడం మానేసి మొహాలు చూడటం మొదలుపెట్టింది. రోత కలిగినప్పుడు పై పెదవిని ముక్కు వైపు లాగే సన్నటి కండ ఒకటుంది. తనకి రోత కలిగిందని మనిషికి తెలిసేలోపే అది ఒక్కసారి అదురుతుంది. ఆ అదురుని పట్టుకుని సున్నా నుంచి వంద దాకా అంకె వేసే బిళ్ళని ఆవిడా, ఆవిడ దగ్గర పనిచేసే ఇంజనీరు కరుణాకరూ కలిసి తయారుచేశారు. బొట్టుబిళ్ళంత ఉంటుంది. ముక్కు పక్కన అతికించుకుంటే ఎదురుగా తెర మీద అంకె పడుతుంది. కాగితాల మీద దానికి నోరు తిరగని పేరేదో పెట్టారు గాని, రుచి చూసేవాళ్ళంతా దాన్ని ఛీ మిషను అనే అన్నారు.

మిషనుకి రోత అంటే ఏమిటో ఎవరో ఒకరు నేర్పాలి కదా. ఆ పన్నెండు మంది మొహాలతోనే నేర్పారు. ఎంత దాటితే కుళ్ళు అన్న గీతని వాళ్ళ మూతుల్ని బట్టే నలభై దగ్గర గీశారు. ఆ పన్నెండు మందినీ ఏరింది సుభాషిణే. శుభ్రత తెలిసినవాళ్ళు కావాలని, తెలిసిన ఇళ్ళ నుంచి, అంటే మనవాళ్ళు అనుకున్న ఇళ్ళ నుంచే ఏరింది. సగం మంది ఏదో ఒక వరసలో ఆవిడకి చుట్టాలు. ఒలుపుడు షెడ్డులో మూడు వందల మంది ఆడవాళ్ళున్నారు, వాళ్ళలో కొందరిని కూడా కూర్చోబెడదామా మేడమ్ అని కరుణాకర్ మొదట్లోనే అడిగాడు. వాళ్ళ ముక్కులు ఎప్పుడో చచ్చిపోయి ఉంటాయయ్యా, ఆ కంపులోనే కదా బతుకు అని ఆవిడ నవ్వేసింది. కరుణాకర్ తల్లి సువార్త ఆ షెడ్డులోనే ఇరవై రెండేళ్ళుగా రొయ్యలు ఒలుస్తోంది. ఆ సంగతి సుభాషిణికి తెలుసు. కావాలని అన్న మాట కాదది. అలాంటి మాటలు మన నోళ్ళలో నిలవ ఉంటాయి, అప్పుడప్పుడూ జారిపడుతుంటాయి.

మిషను పుట్టిన మూడో నెలలో ఒక మధ్యాహ్నం, సీతారత్నం అనే ఆవిడ ముక్కు పక్కన బిళ్ళ తీయడం మరిచిపోయి అన్నం క్యారేజీ విప్పుకుంది. సీతారత్నం సుభాషిణి తోటికోడలికి స్వయానా చెల్లెలు. విప్పడంలో కూర గిన్నె మూత జారి కింద పడి దొర్లింది. షెడ్డు నుంచి పరీక్షకి రొయ్యల ట్రే తెచ్చిన సువార్త ఆ మూత తీసి, పమిటతో తుడిచి, తనే గిన్నె మీద పెట్టింది. సీతారత్నం ఎంతో తీపిగా నవ్వి, నీకెందుకు సువార్తా శ్రమ అంది. తెర మీద అరవై నాలుగు పడింది.

ఆ ఉదయమే మూడు రోజులు ఎండలో నిలవుంచిన రొయ్యకి యాభై ఎనిమిది వచ్చింది.

ఆ అంకెని చూసింది ఇద్దరే. సుభాషిణి గబగబా వెళ్ళి, మిషను వేడెక్కినట్టుంది కరుణాకర్, ఆపెయ్యి అంది. సరే మేడమ్ అని అతను ఆపేశాడు. అతని మొహంలో ఆశ్చర్యమేమీ లేదు. సువార్త వెళ్ళగానే సీతారత్నం ఆ కూర గిన్నె పట్టుకెళ్ళి గోడవతల కుక్కలకి బోర్లించి వచ్చింది. సుభాషిణికి ఒళ్ళు మండిపోయింది. ఆ సాయంత్రం మొగుడు మురళీధరంతో, ఇలాంటి వాళ్ళని చూస్తే నాకు డోకొస్తుందండీ అని మళ్ళీ మళ్ళీ చెప్పుకుంది. ఎదుటివాళ్ళని చూసి రోతపడటంలో ఒక సుఖం ఉంది. ఆ కాసేపూ మనం కడిగిన ముత్యంలా ఉన్నామనిపిస్తుంది.

*

హిమజ వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. జిల్లా కోర్టులో ప్రాక్టీసు పెట్టి రెండేళ్ళయింది. తనూ కరుణాకరూ పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నామని ఒక ఉదయం కాఫీల దగ్గర చెప్పింది. మురళీధరం కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. నచ్చని మాట ఏది విన్నా ఆయన చేసే పని అదే. సుభాషిణి మాత్రం లేచి కూతుర్ని కావలించుకుంది. అది నటన కాదు. మనుషులంతా ఒకటేనని కాలేజీ రోజుల నుంచీ నమ్మిన మనిషి, నలుగురిలో గట్టిగా చెప్పిన మనిషి.

హిమజ ఆ కౌగిలిలోంచి కొంచెం వెనక్కి జరిగి తల్లి మొహంలోకి చూసింది.

"పెదనాన్న ఎంత గోల చేసినా నేను పట్టించుకోనమ్మా. నువ్వు నా పక్కనుండాలి. మొహమాటానికి ఉంటే మాత్రం వద్దు. మనసారా ఉంటేనే ఉండు."

"పిచ్చిదానా, నా సంగతి నీకు తెలీదా?" అంది సుభాషిణి.

పెదనాన్న అంటే మురళీధరం అన్నగారు వీరభద్రం. వాళ్ళ కుల సంఘానికి అధ్యక్షుడు. మాట మెత్తన, పట్టు ఉడుం పట్టు. ఆయనకి కబురు తెలియడానికి రెండు రోజులు పట్టలేదు. ఆయన అందరిలా కేకలేసి కూర్చోలేదు. మరదలు సీతారత్నం ద్వారా మిషను సంగతంతా కూపీ లాగాడు. కంపెనీ యజమాని కూడా సంఘంలో సభ్యుడే కాబట్టి ఆయనతో మాట్లాడి, ఆదివారం సంఘం భోజనాలకి మిషను తెప్పించే ఏర్పాటు చేశాడు. తీసుకు రావలసింది సుభాషిణే. మురళీధరం వద్దన్నాడు. పోనీండి, నాలుగు మంచి మాటలు వాళ్ళ చెవిన వేసి వస్తానంది ఆవిడ. నీళ్ళలో దిగాక గాని లోతు తెలియదు.

సంఘం హాల్లో పన్నెండు మంది పెద్దలు వరసగా కూర్చుని, ముక్కుల పక్కన బిళ్ళలు అతికించుకుని, ఒకరి మొహం చూసి ఒకరు నవ్వుకున్నారు. తెర మీద అన్నీ ఒకట్లూ రెండ్లూ. వీరభద్రం లేచి, మా తమ్ముడి కూతుర్ని సువార్త కొడుక్కి ఇవ్వబోతున్నామండీ అని, సువార్త ఎవరో, ఏ పేటో, ఏ పని చేస్తుందో నెమ్మదిగా, ఒక్కొక్క మాటే వినిపించాడు. తెర మీద అంకెలు పాలపొంగులా లేచాయి. అరవై ఎనిమిది, డెబ్బై ఒకటి, డెబ్బై ఏడు. ఒక్క పెద్దాయనకి మాత్రం మూడు వచ్చింది. ఆయన నిద్రపోతున్నాడు.

"ఇందులో నేను చెప్పేది ఏవుందమ్మా సుభాషిణీ," అన్నాడు వీరభద్రం. "నువ్వు చేసిన మిషనే చెప్తోంది. తప్పు చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. జలదరించిందీ అంటే అది తప్పే. నలభై దాటితే రొయ్యని పారబోయిస్తావు కదా? మరి దీన్ని మాత్రం ఎలా తినమంటావు?"

హాలంతా తలలూపింది. సుభాషిణికి చెంప మీద కొట్టినట్టయింది. నలభై దగ్గర గీత గీసింది తనే. గీయడానికి కూర్చోబెట్టింది ఇదిగో ఈ ఇళ్ళవాళ్ళనే. వీళ్ళ మూతుల్ని చూసి మిషను నేర్చుకుంది, ఇప్పుడు మిషనుని చూపించి వీళ్ళు తమ మూతులే సత్యమంటున్నారు. అయినా ఆవిడ నోరు మూసుకుని కూర్చునే రకం కాదు. బిళ్ళలు తీయకుండానే భోజనాలకి లెమ్మని బతిమాలింది.

ఆ రోజు రొయ్యల పలావు. పెద్దలు ఆవురావురుమని తిన్నారు. తెర మీద సున్నాలూ ఒకట్లూ. రెండో వడ్డన సగంలో ఉండగా సుభాషిణి లేచి, ఈ రొయ్యలు మా కంపెనీవే, నిన్న మధ్యాహ్నం సువార్త బల్ల మీద, ఆవిడ చేతులతో ఒలిచినవే అని చెప్పింది. ముద్దలు గాల్లో ఆగిపోయాయి. సున్నాలున్న చోట డెబ్బైలు వచ్చి కూర్చున్నాయి. ఒకాయన విస్తరి పక్కనే ఉమ్మేశాడు, ఇంకొకాయన పెరట్లోకి పరిగెత్తాడు.

"ముద్ద అదే, నాలిక అదే," అంది సుభాషిణి. "మారిందేమిటో చెప్పండి బావగారూ. ఏది రోతో మనకి చిన్నప్పుడు ఎవరో చెప్పారు, ఒంట్లో కూర్చుంది. ఒళ్ళు నేర్చుకున్న పాఠమే అప్పజెబుతోంది. అది ధర్మం ఎలా అవుతుంది?"

వీరభద్రం చేయి కడుక్కుని, నిదానంగా తుడుచుకుని వచ్చాడు. ఆయనకి కోపం రాలేదు. అందుకే సుభాషిణికి భయం వేసింది.

"బాగా చెప్పావమ్మా. మేము చదువుకోని మూర్ఖులం, మాకు డెబ్బై వచ్చింది. నువ్వు చదువుకున్నదానివి. నీకెంత?"

ఆవిడ చేయి బిళ్ళ లేని తన ముక్కు పక్కకి వెళ్ళింది.

"వచ్చే ఆదివారం మీ ఇంటికే వస్తాను. ఆవిణ్ణి పిలిపించు. ఆవిడ తాగిన గ్లాసులో మిగిలిన నీళ్ళు నువ్వు తాగు. ఇరవై లోపు వస్తే పెళ్ళి పందిరి నేనే వేయిస్తాను, సంఘంలో ఎవడూ నోరెత్తకుండా చూసే పూచీ నాది. నలభై దాటిందో, నువ్వే పిల్లకి చెప్పి మాన్పించాలి."

తల్లి వెంట వచ్చి హాలు గుమ్మంలో నిలబడి ఉన్న హిమజ అంతా వింది. తల్లి వైపు చూసిన ఆ చూపులో అనుమానం రవ్వంతైనా లేదు. సుభాషిణి సరేనంది.

*

మర్నాడు లాబులో అందరూ వెళ్ళాక ఆవిడ తలుపు గడియ వేసుకుని బిళ్ళ అతికించుకుంది. మిషను పుట్టాక తను ఆ బిళ్ళ పెట్టుకోవడం అదే మొదటిసారి. ఒక గ్లాసులో నీళ్ళు పోసి ఎదురుగా పెట్టుకుని, సువార్త ఆ గ్లాసు ఎత్తి తాగుతున్నట్టు, సగం మిగిల్చి తన చేతికి ఇస్తున్నట్టు ఊహించుకుంది. రొయ్య పొట్టు అంటుకుని ఉండే ఆ వేళ్ళు, కిళ్ళీ ఎరుపు దిగిన ఆ పెదవులు.

అరవై ఆరు.

ఎంగిలి ఎవరిదైనా ఎంగిలే కదా, అందుకే వచ్చిందేమోనని సర్దిచెప్పుకుంది. అదే గ్లాసులో తోటికోడలు తాగినట్టు ఊహించింది. పద్నాలుగు. ముక్కు కారుతూ ఉండే పక్కింటి ముసలమ్మని ఊహించింది. ఇరవై రెండు. మళ్ళీ సువార్త. అరవై ఆరు. సీతారత్నం కన్నా రెండు ఎక్కువ.

సుభాషిణి బిళ్ళ పీకి బల్ల మీదికి విసిరేసింది. నోట్లో ఏదో చచ్చినట్టుగా ఉంది. తన మొహం తనకే కంపు కొట్టింది. కాలేజీ రోజుల నుంచీ ఏ రోతని చూసి మండిపడిందో అది తన చర్మం కింద తీరిగ్గా కాపురం ఉంటోంది, తను మాట్లాడిన మాటలన్నీ దాని మీద కప్పిన దుప్పటి. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఎవరికీ చెప్పలేదు. మూడు రోజులు ఆ గ్లాసు ముందు కూర్చుని సాధన చేసింది. అరవై నాలుగుకి తగ్గింది, అరవై తొమ్మిదికి పెరిగింది. సువార్త మంచితనం తలుచుకుంది, కరుణాకర్ తెలివి తలుచుకుంది, హిమజ చూపు తలుచుకుంది. మూతికి ఇవేమీ పట్టలేదు.

గురువారం ఆవిడ సెలవు పెట్టి రాజమండ్రి వెళ్ళింది. అక్కడొక చర్మం డాక్టరు మొహం మీద ముడతలు పోవడానికి ఇంజెక్షన్లు ఇస్తాడు. ముడత పోవడమంటే కింద కండ కదలకుండా పడి ఉండటమే. ముక్కుకి రెండు వైపులా, ఇదిగో ఇక్కడ వెయ్యమని ఆవిడ వేలు పెట్టి చూపించింది. అక్కడ ముడతలేం లేవు కదమ్మా, పైగా పెదవి జారుతుంది, మూడు నెలల దాకా సరిగ్గా నవ్వలేరు అని ఆయన చెప్పాడు. ఫర్వాలేదంది. ఎక్కువ మోతాదు అడిగి వేయించుకుంది. ఇదంతా పిల్ల కోసమేనని బస్సులో తనకి తాను చెప్పుకుంటూ వచ్చింది. శనివారం సాయంత్రానికి పై పెదవి వేరే ఎవరిదో తెచ్చి అతికించినట్టయింది.

*

ఆదివారం చర్చి అయ్యాక సువార్త కొడుకుతో వచ్చింది. గంజి పెట్టిన తెల్లచీర, తలలో కనకాంబరాలు, చేతిలో కొబ్బరి లౌజు డబ్బా. పరీక్ష సంగతి కరుణాకర్ ముందే చెప్పాడట. నన్ను అడ్డం పెట్టుకుని ఆళ్ళకి పరీక్షలేంట్రా అని ఆవిడ ససేమిరా అందట. హిమజ వెళ్ళి పక్కన కూర్చుని అడిగితే కాదనలేక వచ్చింది. వచ్చింది గాని సోఫా అంచున కూర్చుని, ఆ గ్లాసు తన ఎదుట పెట్టగానే తల దించుకుంది. మనిషిని పిలిచి ఆవిడ ఎంగిలి ఎంత రోతో లెక్కగట్టబోతున్న ఇల్లది. వీరభద్రం కాలు మీద కాలేసుకుని ఎదురుకుర్చీలో కూర్చున్నాడు. మురళీధరం కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు.

సువార్త రెండు గుక్కలు తాగి గ్లాసు బల్ల మీద పెట్టింది. సుభాషిణి బిళ్ళ అతికించుకుని ఆ గ్లాసు ఎత్తి, సువార్త పెదవి ఆనిన చోటే పెదవి ఆనించి తాగింది. సగం దాకా తాగింది. గ్లాసు దించి పళ్ళు బిగబట్టింది. తెర మీద నాలుగు. నాలుగే, అక్కణ్ణుంచి కదలలేదు.

హిమజ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వచ్చి తల్లి భుజం మీద తల పెట్టుకుంది. ఆ క్షణం కోసం సుభాషిణి ఇంకో పది ఇంజెక్షన్లయినా వేయించుకునేది.

వీరభద్రం కాసేపు తెర వైపే చూసి, ఓడిపోయినవాడి ఉక్రోషంతో, ఆవిడక్కూడా పెట్టండి మరి, ఆవిడకి మనమంటే ఎంత ప్రేమో చూద్దాం అన్నాడు. ఎవరూ ఆ మాట ఖండించే లోపే సువార్త, పెట్టండి బాబూ, నాకేం భయం అని మొహం చాపింది. కరుణాకర్ తనే తల్లికి బిళ్ళ అతికించాడు. అతను ఎందుకో వచ్చినప్పటి నుంచీ సుభాషిణి వైపు చూడటం లేదు. సుభాషిణి లౌజు ముక్క తుంచి సువార్త నోటికి అందించింది. సువార్త తిన్నది. తొమ్మిది. ఇరవై రెండేళ్ళు కంపెనీ ఆ మనిషిని ఎలా చూసిందో తెలిసినవాళ్ళెవరికైనా ఆ తొమ్మిది చూస్తే సిగ్గేస్తుంది.

సువార్త నములుతూ నములుతూ ఆగింది. సుభాషిణి మొహంలోకి పరీక్షగా చూసింది.

"అమ్మగారండీ, మూతమ్మట నీళ్ళు కారుతున్నాయి. మీకు తెలట్లేదాండీ?"

సుభాషిణి చెయ్యి పెట్టి చూసుకుంది. గడ్డం నుంచి కారి జాకెట్టు తడిసిపోయింది. తనకి తెలియనే లేదు. సువార్త అప్పటికే లేచి వచ్చి తన పమిట కొంగుతో ఆ తడి తుడుస్తోంది. మా బల్ల మీద మంగకి ఇలాగే అయ్యిందండి, పక్షవాతం, ఆలస్యం చెయ్యకండి బాబూ, ఆటో పిలవండి అని మురళీధరాన్ని తొందరపెడుతోంది. మురళీధరం కంగారుగా కారు తాళాలు వెతుక్కుంటున్నాడు. హిమజ మొహం పాలిపోయింది. సుభాషిణి ఏం లేదు, ఏం లేదంటోంది గాని, జారిన పెదవితో ఆ మాటలూ సరిగ్గా రావడం లేదు.

"పక్షవాతం కాదమ్మా," అన్నాడు కరుణాకర్. అందరూ అతని వైపు తిరిగారు. "బతికున్న మొహం నిమిషానికి పదిసార్లు కదులుతుంది. మేడమ్ అంకె నాలుగు దగ్గర గీత గీసినట్టు నిలబడిపోయింది. మూతి కదలకుండా ఇంజెక్షను వేయించుకున్నారు."

"ఎందుకురా?" అంది సువార్త. నిజంగానే అర్థం కాక అడిగింది.

"నీ గ్లాసులో నీళ్ళు తాగడానికి."

సువార్త చేతిలో పమిట కొంగు అలాగే ఉండిపోయింది. ఆవిడ నోరు మెదపలేదు. మొహం కూడా పెద్దగా మారలేదు, ఇరవై రెండేళ్ళ అలవాటు. మాట్లాడింది తెరే. తొమ్మిది కాస్తా ముప్ఫై అయింది, యాభై ఐదు అయింది, ఎనభై రెండు దగ్గర ఆగింది.

"మురిగిన రొయ్యల్లో మోచేతుల దాకా పెడతానండి రోజూ," అంది చివరికి. "పురుగులు పాకుతాయి. ఎప్పుడూ కడుపులో తిప్పలేదు. ఇయ్యాల తిప్పుతోందండి. ఎదురుకుర్చీలో కూర్చున్న ఈయనగారికి రోతండి, ఆ ముక్క మొహం మీదే చెప్పేడు, పోనీలే. మీరేటండీ, నన్ను మింగడానికి మూతిని చంపుకుని మరీ కూర్చున్నారు."

బిళ్ళ తీసి బల్ల మీద పెట్టి, పమిట కొంగు వైపు ఒకసారి చూసుకుని, దాన్ని చేతిలో ముద్దగా చుట్టుకుని బయటికి నడిచింది. వీరభద్రం పకపకా నవ్వాడు. చూశావుటమ్మా, ఎంత చదివినా నెత్తురు నెత్తురే అంటూ లౌజు డబ్బా వైపు చెయ్యి చాపబోయి, ఎవరింటిదో గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు. ఆ మనిషీ తనూ ఒక్క గూటి పక్షులమేనని సుభాషిణికి అప్పుడు తెలిసొచ్చింది. ఆయన నయం, అబద్ధమాడలేదు.

హిమజ చెప్పులు వేసుకుంటోంది.

"హిమా, నీ కోసమే చేశానమ్మా."

"అరవై వచ్చినా నేను నీ పక్కనే నిలబడేదాన్నమ్మా," అంది హిమజ. "అందరి ముందూ, అవును నాకు అరవై వచ్చింది, అయినా ఈ పెళ్ళి న్యాయమే అని నువ్వు ఒక్క మాట అంటే చాలు. ఒంట్లో ఏముందో నీ చేతిలో లేదు. ఇది నీ చేతిలో పనే."

తలుపు దగ్గరగా వేసి, కరుణాకర్ వెంట వెళ్ళిపోయింది.

*

వీరభద్రం వెళ్ళిపోయాడు. ఆయన్ని దిగబెట్టి రావడానికి మురళీధరం వెళ్ళాడు. ఇంకా మధ్యాహ్నం రెండు కాలేదు. బల్ల మీద గ్లాసులో అడుగున నాలుగు గుక్కల నీళ్ళు మిగిలున్నాయి. సుభాషిణి చాలాసేపు వాటినే చూస్తూ కూర్చుంది. చూసేవాళ్ళు లేరు, తెర ఆపేసి ఉంది. గ్లాసెత్తి గడగడా తాగేసింది. మూతి చచ్చింది గాని కడుపు చావలేదు. వంటింటి సింకు దాకా కూడా వెళ్ళలేకపోయింది. హాలు మధ్యలోనే కక్కుకుంది, నీళ్ళూ, పొద్దుటి ఇడ్లీలూ.

మోకాళ్ళ మీద కూర్చుని అదంతా గుడ్డతో ఎత్తింది. ఆ నీళ్ళలో ఏముంది? తన ఇంటి ఫిల్టరులోవి, తను పట్టి తెచ్చినవి, తన గ్లాసులోవి. అందులో లేనిదేదో తన పేగుల్లో ఉంది. ఎవరు పెట్టారో గుర్తు తెచ్చుకోబోయింది. ఒక్కరని చెప్పడానికి లేదు. అమ్మమ్మ, అమ్మ, పెరటి గుమ్మం, గుమ్మం పక్కన విడిగా బోర్లించి ఉండే సత్తు గ్లాసు. ఎవరూ ఇది పాఠమని చెప్పలేదు, ఎవరూ అప్పజెప్పమనలేదు. చెప్పి నేర్పింది అయితే మరిచిపోవడం ఇంత కష్టం కాదు.

చేతులు కడుక్కుని ఫోను చేసింది. మూడోసారికి హిమజ ఎత్తింది. జగన్నాథపురంలో, కరుణాకర్ వాళ్ళింట్లో ఉన్నానని చెప్పింది.

"అరవై ఆరు, హిమా," అంది సుభాషిణి. జారిన పెదవితో మాట నత్తిగా వచ్చింది. "ఇంజెక్షనుకి ముందు చూసుకున్నాను. నిజం అంకె అది."

అవతల కుళాయి కింద బట్ట ఉతుకుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"నాకెందుకు చెప్తున్నావు? నాకు పెట్టిన అంకె కాదది. ఆవిడ ఇక్కడే ఉంది, ఆవిడకి చెప్పు."

ఉతుకుడు చప్పుడు ఆగింది. ఫోను చేతులు మారింది. పెట్టెయ్యడానికి సుభాషిణికి అప్పటికీ వ్యవధి ఉంది. వేలు ఆ ఎర్ర గుర్తు దాకా వెళ్ళింది కూడా.

"చెప్పండి," అంది సువార్త.

"అరవై ఆరు. మీరు తాగిన గ్లాసు తలుచుకుంటేనే నాకు అరవై ఆరు వచ్చింది. మిగిలిన నీళ్ళు ఇందాక ఒక్కదాన్నే ఉన్నప్పుడు తాగాను, కక్కేశాను. తప్పు మీది కాదని తెలుసు. తెలిసినా ఆగలేదు. ఈ పెళ్ళి న్యాయం. ఆ మాట వచ్చే ఆదివారం సంఘం హాల్లో, ఈ అంకెతో కలిపి చెబుతాను. నన్ను క్షమించమని అడగటం లేదు."

అవతల తడి బట్ట పిండిన చప్పుడు వినిపించింది.

"నాది ఎనభై రెండు కదండి," అంది సువార్త. "చూద్దాం, ఎవరిది ముందు దిగుద్దో."